లీటరు నీళ్ళు

సెప్టెంబరు 9, సోమవారం

మూడు రోజులుగా వాన. కుళాయి నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. పల్లెలో పద్నాలుగు ఇళ్ళలో విరేచనాలు. ఎక్కువమంది పిల్లలే. మరగబెట్టి తాగమని ఆశా చీర కట్టుకుని గడపగడపకీ చెబుతున్నాను. తల ఊపుతారు... పొయ్యిలోకి కట్టెలన్నీ తడిసి ఉన్నాయి, గ్యాసు అందరిళ్ళలో లేదు.

సంచిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింకు బిళ్ళలు. పొద్దున్నే బరువు ఎక్కువైందని నీళ్ళ సీసా తీసి ఇంట్లో పెట్టేశాను. సాయంత్రం ఐదులోగా పేర్లన్నీ ఫోనులో ఎక్కించి పంపాలని సబ్‌సెంటర్ నర్సమ్మ రెండుసార్లు ఫోను చేసింది. ఇసుక దిబ్బ ఎక్కితే కానీ సిగ్నల్ రాదు.

ఆఖరున రత్నం ఇల్లు. గుమ్మంలోనే నిలబడి ఉంది, చంకలో లాస్య. పది నెలల పిల్ల, నిన్నటి నుంచి ఆరేడుసార్లు వెళ్ళిందట. పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలాను. వెంటనే సర్దుకుంది. ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయి. పర్వాలేదు. రెండు ప్యాకెట్లు, బిళ్ళలు చేతిలో పెట్టాను. నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పడుతూ ఉండమన్నాను. పాలు మానొద్దన్నాను. అరుగు మీద నుంచి వాళ్ళ అత్త అప్పలమ్మ గొణుగుతోంది — నీళ్ళలా పోతుంటే మళ్ళీ నీళ్ళేటని. అత్త మాట వినొద్దని రత్నానికి మెల్లగా చెప్పి దిబ్బ వైపు నడిచాను. నాలుగున్నర అయిపోయింది.

సెప్టెంబరు 10

రత్నం ఎదురొచ్చింది. ప్యాకెట్లు అయిపోయాయట. ఇంకో రెండు ఇచ్చాను.

పిల్ల బాగా తాగుతోందా అన్నాను. "గిన్నె లాక్కుంటాది పిన్నీ. ఎంత పట్టినా సాలదు" అంది. మంచిదే అనుకున్నాను. తాగే పిల్లకి భయం లేదు. ఏడుపు మాత్రం సన్నగా, ఆగకుండా... పళ్ళు వస్తున్నాయేమో.

కొత్తగా మూడిళ్ళు. కాళ్ళు లాగేస్తున్నాయి.

సెప్టెంబరు 11

పొద్దున్న ఏడింటికి రత్నం కేక. పరిగెత్తాను. లాస్య కళ్ళు పైకి తేలిపోయాయి. చేయీ కాలూ కొట్టుకుంటున్నాయి. ఒళ్ళు పట్టుకుంటే వేడి... చర్మం ఎలాగో ఉంది, కలిపిన పిండిలా. విరేచనాలకి వాడిపోయిన పిల్లల ఒళ్ళు నాకు తెలుసు. ఇలా ఉండదు.

అంబులెన్సు కోసం ఆగలేదు. మా ఆయన సూర్యం అప్పుడే ఆటో కడుగుతున్నాడు. అలాగే ఎక్కించేశాం. శ్రీకాకుళం చేరేసరికి రెండోసారి మూర్ఛ. అరసవల్లి దగ్గర ట్రాఫిక్... సూర్యం హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రిలో చిన్నపిల్లల డాక్టరమ్మ. నెమ్మదైన మనిషి. సూది పెడుతూనే అడుగుతోంది — ఎన్నాళ్ళుగా, ఎన్నిసార్లు, ఏం పట్టారు. ఓఆర్‌ఎస్ పట్టామంది రత్నం. ఎన్ని నీళ్ళలో కలిపావమ్మా అంది.

రత్నం వేళ్ళతో చూపించింది. అంత ఎత్తు. టీ తాగే స్టీలు గ్లాసు.

"ఒక్కో పేకెట్టు ఒక్కో గ్లాసుడు నీళ్ళల్ల. సిన్న పొట్ట కదమ్మా, ఎక్కువ పట్టదని. ఒక్క సుక్క కూడా పారబోయలేదు. అంతా తాగించేసేను."

డాక్టరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నర్సుతో ఇంగ్లీషులో ఏదో అంది. నాకు అర్థమైన మాట ఒకటే — సోడియం. తర్వాత నా వైపు చూసింది. ఒంటి మీద ఆశా చీర ఉంది కదా... ఎవరినో తెలిసిపోయింది.

పిల్ల పాదం పట్టుకునే నిలబడ్డాను.

లీటరు. ఒక ప్యాకెట్టు, ఒక లీటరు. ఎన్నేళ్ళుగా చెబుతున్న మాట. లీటరు సీసా తీసి చూపించి, వాళ్ళ చేతే కలిపించి, అప్పుడు కదులుతాను. ప్రతి ఇంట్లో. సోమవారం నాడు ఒక్క ఇంట్లో చెప్పలేదు.

నిన్న కూడా. లీటరు కూడా పట్టని పిల్ల ఒక్క రోజులో రెండు ప్యాకెట్లు, అంటే రెండు లీటర్లు, ఎలా తాగింది అని... నిన్నైనా అడగలేదు. ఇంకో రెండు చేతిలో పెట్టాను.

సెప్టెంబరు 12

లాస్య లేదు. పొద్దున్న పదకొండు దాటాక.

సెప్టెంబరు 12, మళ్ళీ

సాయంత్రానికే సముద్రపు వైపు ఇసుకలో పెట్టేశారు. తండ్రి ఊళ్ళో లేడు. దానయ్య ఆగస్టులో వీరావల్ వెళ్ళాడు, గుజరాత్ బోట్ల మీద పని. బోటు సముద్రం లోపలికి వెళ్ళిపోయి ఉంది, ఒడ్డుకొస్తే కానీ ఫోను కలవదట. బోటు యజమానికి చెప్పారు. పిల్లని చుట్టిన మూటని మా ఆయనే మోశాడు. బరువే లేదే, అన్నాడు వచ్చాక. ఒంటి మీద ఇసుక కడుక్కోలేదు. అలాగే గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చేముందు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. కసరలేదు. కసిరితే బాగుండేది. ఊళ్ళో మిగతా తల్లులకి ఇవాళే చెప్పు, ఎలా కలుపుతున్నారో చూడు, అంది. ఈ పిల్ల తల్లికి మాత్రం ఇప్పుడే వద్దు, తట్టుకోలేదు, అంది.

ఇవాళ చెప్పలేదు. ఎవరికీ.

సెప్టెంబరు 13

నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. శిశు మరణం ఫారం. వరసగా ప్రశ్నలు. ఓఆర్‌ఎస్ ఇచ్చారా — ఇచ్చారు. జింకు ఇచ్చారా — ఇచ్చారు. తల్లికి సలహా ఇచ్చారా...

ఇచ్చారు అని టిక్కు పెట్టుకుంది. నన్ను అడగను కూడా లేదు. నువ్వు ఇవ్వకుండా ఉంటావేటి ఈస్పరమ్మా, అని నవ్వబోయి ఆగిపోయింది.

గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను.

సెప్టెంబరు 14

మా ఇంటి పక్క నుంచే మొదలుపెట్టాను. సీసా పట్టుకుని తిరిగాను. ఇరవై ఇళ్ళు. లీటరు, లీటరు, లీటరు... రత్నం ఇల్లు దాటేటప్పుడు సీసాని కొంగు కింద పెట్టుకున్నాను.

సెప్టెంబరు 15, ఆదివారం

కాలవలో ప్యాకెట్లు. చింపనివి. ఐదో ఆరో తేలుతున్నాయి.

కుళాయి దగ్గర అప్పలమ్మ చెబుతోందట అందరికీ — పొడి తాగించింది, పిల్లని చంపింది అని. కోడలు తన మాట వినుంటే పిల్ల బతికేదని. ఇవాళ నా ఎదురుగానే అనేసింది.

"నలుగుర్ని కన్నాను. ఇరేచనాలైతే నీళ్ళు మానిపించీసేదాన్ని. ఇద్దరు మిగిల్నారు. దీనికి ఆ ఒక్కటీ మిగల్లేదు. ఆ పొడే సంపీసినాది."

ఆ మిగలని ఇద్దరి సంగతి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. పొడి చంపలేదని గట్టిగా అనాలి. అంటే ఏది చంపిందని అడుగుతుంది... కుండ నింపుకుని వచ్చేశాను.

రత్నం లోపల గోడ వైపు తిరిగి పడుకుంది. పాలు పొంగి రవిక తడిసిపోయి ఉంది. బట్ట మడిచి ఇచ్చాను. తీసుకుంది. అంతే.

సెప్టెంబరు 17

కొండమ్మ కొడుకు. రెండేళ్ళవాడు. నిన్నటి నుంచి విరేచనాలు, వాంతులు. వెళితే తలుపు సగమే తీసింది. ప్యాకెట్టు తీసుకోనంది. మొహం మీద అనలేక అనలేక అంది. "లాసీకి ఇచ్చేవు కదేటి."

తలుపు సందులోంచి వాణ్ణి చూశాను. పెదాలు ఎండిపోయాయి. చూపు ఎటో. ఏడుస్తున్నాడు కానీ చుక్క నీరు రాదు. శ్రీకాకుళం తీసుకెళ్దాం రమ్మన్నాను. అక్కడికెళ్ళి కదా రత్నం పిల్ల పోయింది, అంది వాళ్ళ అమ్మ లోపలి నుంచి.

గంజిలో చిటికెడు ఉప్పు వేసి చెంచాతో పట్టమన్నాను. దానికి ఒప్పుకున్నారు. వాళ్ళ వాకిట్లోనే కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా అక్కడే.

ఇంకొకడు పోతే అది నేను నోరు మూసుకున్నందుకే.

సెప్టెంబరు 18

సూర్యానికి చెప్పాను. అన్నం తింటూ ఉండగా. ముద్ద చేతిలో అలా ఉండిపోయింది.

దాన్ని కంచంలో పెట్టేసి అడిగాడు — నువ్వు నిజంగా చెప్పలేదా అని. లేదన్నాను. ఆటోలో దారంతా రత్నం ఏమందో గుర్తుందా అన్నాడు. నాకు గుర్తు లేదు. మా పిన్ని ఉన్నాది కాబట్టి నా పిల్లకి ఏటీ కాదు, అని ఆయనతో అందట.

ఊళ్ళోవాళ్ళకి లీటరు సంగతి చెప్పు, రత్నానికి చెప్పకు అంటాడు. నా ఉద్యోగం గురించి అనుకున్నాను. కాదు.

"నీ తప్పు నువ్వు మోస్తావు. బాగానే ఉన్నాది. దాని సేత్తోనే అయిందని దానికి తెలిస్తే, అదేటి సేస్తాది?"

కానీ ఊరందరికీ చెప్పి ఒక్క మనిషికి దాచడం ఎలా... మూడు వీధుల పల్లె ఇది.

సెప్టెంబరు 19

అంగన్‌వాడీలో తల్లులందరినీ కూర్చోబెట్టాను. కొండమ్మని చెయ్యి పట్టుకుని తెచ్చాను, కొడుకుని ఎత్తుకుని వచ్చింది. నర్సమ్మ మరిగించిన నీళ్ళు తెచ్చింది. సీసా నింపి గిన్నెలో పోశాను. ప్యాకెట్టు చింపాను. మొత్తం వేశాను. కలిపాను. నేను తాగాను ముందు. కొండమ్మ తాగింది. తర్వాత వాడి నోట్లో ఒక చెంచా. ఒక నిమిషం ఆగి ఇంకో చెంచా. వాంతి కాలేదు.

ప్రతిసారీ చెప్పే మాట ఒకటి ఉంది. రుచి చూడండమ్మా, కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదు, అని. అది చెప్పబోతూ తల ఎత్తాను.

తలుపు దగ్గర రత్నం. ఎప్పుడు వచ్చిందో. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. గిన్నె వైపే చూస్తోంది.

కొండమ్మకి ఏం తెలుసు... అడిగేసింది. "అన్ని నీళ్ళు ఈడు తాగుతాడా? గ్లాసుడులో కలిపీస్తే ఏటవుతాది?"

అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. నర్సమ్మ కూడా. చెప్పకుండా ఉండగలిగేదాన్ని. మాట మార్చగలిగేదాన్ని. కొండమ్మ ఇంటికి వెళ్ళి గ్లాసులో కలుపుతుంది.

ఉప్పు ఎక్కువైపోతుంది అన్నాను. ఎంత తాగినా దాహం తీరదు. పిల్లకి మూర్ఛలు వస్తాయి. ప్రాణం పోతుంది. గ్లాసులో ఎప్పుడూ కలపొద్దు. మిగిలితే పారబోయండి. రేపటికి కొత్తది కలపండి.

రత్నం లేచింది. ఎవరి వైపూ చూడలేదు. కొంగు సరిచేసుకుని బయటికి వెళ్ళిపోయింది. నిదానంగానే.

నేను రెండో ప్యాకెట్టు తీసి, మళ్ళీ కలిపి చూపించాను.

సెప్టెంబరు 20

కొండమ్మ కొడుకు ఒంటేలు పోశాడు. కొండమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. సంతోషించాలి.

సెప్టెంబరు 21

వాన వెలిసింది. ఎండ కాచింది. ఆడవాళ్ళు నెత్తళ్ళు ఎండబెడుతున్నారు ఒడ్డున. రత్నం కూడా వచ్చింది, అందరికీ దూరంగా ఒక వల పరుచుకుని. దగ్గరికి వెళ్ళాను. పక్కన కూర్చున్నాను. చేపల్ని ఒక్కొక్కటిగా తిరగేస్తోంది.

నేను మొదలుపెట్టేలోపే తనే అడిగింది. తల ఎత్తకుండా.

"ఆ రోజు నువ్వు సెప్పే ఉంటావు పిన్నీ. లీటరని. గుంట ఏడస్తన్నాది కదా... నాను ఇనుకోలేదేమో."

ఏం చెప్పను ఈ పేజీకి. తను నాకు దారి ఇచ్చింది. ఔను అంటే చాలు. నన్ను బతికించడానికి అడిగిందో, తనే నిజంగా అలా అనుకుందో తెలీదు. రెండు రోజులుగా ఆ సోమవారాన్ని మళ్ళీ మళ్ళీ వింటూ, నా నోట్లోంచి ఆ మాట వెతుక్కుంటూ ఉండి ఉంటుంది. దొరక్క... తన చెవినే తప్పు పట్టింది.

"లేదే," అన్నాను. "నాను సెప్పలేదు. సెప్పకుండా ఎల్లిపోయేను. నీది తప్పు కాదు."

చేప తిరగేసింది. ఇంకొకటి. ఇంకొకటి. వల చివరిదాకా వెళ్ళి అక్కణ్ణుంచే అంది — అత్తతో పోట్లాడి మరీ పట్టేనని. గిన్నె లాక్కోబోతే చెయ్యి తోసేసేనని.

దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఎల్లిపో పిన్నీ," అంది. కోపంగా కాదు. అలసిపోయిన మనిషి అన్నట్టు.

సెప్టెంబరు 22

సూర్యం ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం ఒకే గదిలో.

సెప్టెంబరు 23

సబ్‌సెంటర్‌కి వెళ్ళాను. సలహా ఇచ్చారా అన్న చోట టిక్కు తప్పని నర్సమ్మకి చెప్పాను. తలుపు దగ్గరగా వేసింది. ఫారం పైకి వెళ్ళిపోయింది, ఇప్పుడెందుకు అంటుంది. రాసిమ్మంటే రాసిస్తానన్నాను. ఆలోచించుకో అంది. ఒక తెల్లకాగితం ఇచ్చింది. అక్కడే కూర్చుని రాశాను. నాలుగు లైన్లు. సంతకం పెట్టి ఇచ్చాను. సొరుగులో పెట్టింది. ఏం చేస్తుందో తెలీదు.

వచ్చే దారిలో అప్పలమ్మ. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు ఇవాళ. రత్నం చెప్పినట్టు లేదు ఇంకా. పొడి మాట కూడా ఎత్తలేదు. కోడలు తినడం లేదని, ఒకసారి వచ్చి నాలుగు మెతుకులు తినిపించమని అడిగింది... నన్ను.

వెళ్ళలేదు.

సెప్టెంబరు 25

రత్నం వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. కళ్ళు గుంటలు పడిపోయాయి. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, నలభై ఏళ్ళ దానిలా ఉంది.

దానయ్య బోటు మొన్న ఒడ్డుకి చేరిందట. ఫోను చేశాడట. శుక్రవారం ఆమదాలవలసలో దిగుతాడు. పిల్ల పోయిందని ఆయనకి తెలుసు. ఎలా పోయిందో తెలీదు. విరేచనాలని మాత్రం చెప్పింది.

"ఆయనకి నువ్వు సెప్పు. నువ్వు నాతో సెప్పినట్టే. నా సేత్తోనే పట్టేనని నా నోటితో నాను సెప్పలేను."

చెబుతాను అన్నాను. నా తప్పు అనే చెబుతాను అన్నాను.

"రెండూ సెప్పు," అంది. "సగం సెప్పకు."

వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. ఒక చెయ్యి ఇంకా నడుము దగ్గర వంచే నడుస్తోంది, చంకలో పిల్ల ఉన్నట్టు.

సెప్టెంబరు 26

ఏ మాట ముందు చెప్పాలి. ఏ మాట తర్వాత.

సెప్టెంబరు 27, శుక్రవారం

తెల్లారకుండానే సూర్యం స్టేషన్‌కి వెళ్ళాడు. నేను ఇల్లు ఊడ్చాను. మళ్ళీ ఊడ్చాను. ఎనిమిదింటికి ఆటో వచ్చింది. దానయ్య దిగాడు. ఒక సంచి. నల్లబడిపోయాడు, గడ్డం. ఇంటికి ముందు ఇక్కడికెందుకు తెచ్చావు మావా అని సూర్యాన్ని అడుగుతూనే వచ్చాడు. సూర్యం జవాబు చెప్పకుండా ఆటో దగ్గరే ఉండిపోయాడు.

మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళిచ్చాను, తాగాడు. ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పాను. సోమవారం నుంచి. సీసా తీసి ఇంట్లో పెట్టేసిన దగ్గర్నుంచి. దిబ్బ మీదికి తొందరపడ్డాను, చెప్పాల్సిన మాట చెప్పలేదు అన్నాను. మర్నాడు తెలుసుకోవాల్సింది తెలుసుకోలేదు అన్నాను. రత్నం గ్లాసులో కలిపింది, చుక్క పోకుండా పట్టింది అన్నాను. సగం చెప్పలేదు. అంతా చెప్పాను.

కొడతాడేమో అనుకున్నాను. అరుస్తాడేమో అనుకున్నాను. వింటూ సంచి తాడు వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

తాడు వదిలేసి అడిగాడు. పిల్ల తన కోసం చూసిందా అని కాదు, బాగా ఏడ్చిందా అని కాదు.

"రత్నానికి తెలుసా అత్తా ఇదంతా?"

తెలుసు అన్నాను. నేనే చెప్పాను అన్నాను.

తల కిందికి వేలాడిపోయింది. అప్పటిదాకా నిలబడిందేదో ఆ ఒక్క మాటకి పడిపోయింది.

"తెలకపోతే... ఇంటికెల్లి నీ తప్పేటీ లేదని సెప్పుదును. తెలిసిన మనిషికి ఏటి సెప్పాల? నువ్వే సెప్పత్తా. ఇంట్లోకెల్లి నాను మొదట ఏటి మాట్లాడాల?"

నాకు తెలీదు. తెలీదనే చెప్పాను.

వీధి చివర వాళ్ళిల్లు. మెట్టు మీద నుంచి కనబడుతుంది. గుమ్మంలో రత్నం నిలబడి ఉంది. వచ్చింది ఆయనేనని చూసింది. రావడం లేదు. పిలవడం లేదు. ఈయనా చూశాడు. లేవడం లేదు.

తొమ్మిదిన్నర అయింది. లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. సూర్యం ఆటోలో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. దానయ్య ఇంకా మెట్టు మీదే ఉన్నాడు. రత్నం ఇంకా గుమ్మంలోనే ఉంది.